నా కారు నాకే ఎదురొచ్చింది: హెడ్‌లైట్లలో ఎల్ఈడీ బల్బుల మాట

విశాఖపట్నం మురళీనగర్‌లో కాలనీవాసుల ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం

అందరికీ నమస్కారం. ముందు ఈ రెండూ చూడండి. కుడిచేతిలో ఉన్నది మామూలు హాలోజెన్ బల్బు, హెచ్4 అంటారు, మన వీధిలో ఉన్న పాత స్విఫ్టులు, వ్యాగన్ఆర్‌లు, శాంత్రోలు అన్నిట్లోనూ ఇదే. ఎడమచేతిలో ఉన్నది దీని బదులు పెట్టుకోమని అమ్మే ఎల్ఈడీ. రెండిటినీ వెనక వరుస దాకా పంపిస్తాను, చేత్తో పట్టుకుని చూడండి. హాలోజెన్‌ని మాత్రం కింద రేకు దగ్గరే పట్టుకోండి, గాజు ముట్టుకోవద్దు. వేలి జిడ్డు అంటితే ఆ చోట గాజు ఎక్కువ వేడెక్కి బల్బు తొందరగా పోతుంది. బల్బు మార్చే మెకానిక్కులు కూడా చాలామంది ఇది పాటించరు.

నేను పోర్టులో ఎలక్ట్రికల్ సెక్షన్‌లో 31 ఏళ్లు పనిచేశాను. కార్ల రిపేరు నా వృత్తి కాదు గానీ కరెంటు, దీపం, వైరు, ఇవే నా జీవితం. ఈమధ్య వాకింగ్‌లో కనిపించిన ప్రతివాళ్లూ ‘అంకుల్, కారుకి ఎల్ఈడీ వేయించుకోమంటారా’ అనే అడుగుతున్నారు. జవాబు ముందే చెప్పేస్తాను. లోపలి చిన్న లైట్లకి హాయిగా వేయించుకోండి. వెనక లైట్లకి చూసి వేయించుకోండి. ముందున్న పెద్ద లైట్లకి మాత్రం, మీ కారులో ఉన్నది రిఫ్లెక్టర్ డోమ్, అంటే బల్బు వెనక అద్దంలా మెరిసే గిన్నె ఉన్న లైటు గూడు అయితే, వద్దు. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో తెలియాలంటే నాకు జరిగింది చెప్పాలి.

రెండేళ్ల కిందట నేనూ వేయించాను. జత 3,200 రూపాయలు. ఆ సాయంత్రం ఇంటి ముందు లైటు వేస్తే ఎదురింటి ప్రహరీ గోడ సున్నం కొట్టినంత తెల్లగా వెలిగింది. ఇన్నాళ్లూ ఆ పసుపు గుడ్డి వెలుగులో ఎలా నడిపానా అనుకున్నాను. ఆ వారమే ఎస్.కోటలో మా బావమరిది ఇంట్లో శుభకార్యం. రాత్రి భోజనాలయ్యాక మా మేనల్లుడు నా కారు తీసుకుని కొత్తవలసలో ఇద్దరు పెద్దవాళ్లని దింపడానికి వెళ్లాడు. వాడు వెళ్లిన అరగంటకి మరిద్దరిని తీసుకుని నేను వాళ్ల నాన్న కారులో అదే రోడ్డు పట్టాను. దారిలో ఎదురుగా ఒక వెలుగు వచ్చింది. డిప్పర్ కొట్టాను. దించలేదు. మళ్లీ కొట్టాను. దించలేదు. నా ముందు రోడ్డు లేదు, ఎడమ అంచు లేదు, చెట్లు లేవు, అంతా తెలుపే. స్పీడు నలభై కూడా లేదు, అయినా ఇంకా తగ్గించాను. ఆ కారు దాటిపోయాక ఒకటి రెండు సెకన్లు అంతా నలుపు, ఆ నలుపులోంచి బంపరుకి రెండు గజాల దూరంలో సైకిల్ తోసుకుంటూ వెళ్తున్న ఒక పెద్దాయన కనిపించాడు. బ్రేక్ తొక్కిపట్టాను. బండి ఆగింది. ఆయన చెయ్యి ఇంకా కళ్లకి అడ్డం పెట్టుకునే ఉన్నాడు. ‘ఏటి బాబూ ఆ లైట్లు, రోడ్డే అవుపడ్నేదు’ అన్నాడు.

వెనక్కి తిరిగి చూస్తే దాటిపోయిన కారు నంబరు నాదే. ఫోన్ చేసి ‘ఏరా, హైబీమ్ దించవా’ అని కేకలేశాను. వాడు, ‘మావయ్యా, నేను డిమ్‌లోనే ఉన్నాను’ అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ వారం రోజుల్లో నేను ఎంతమందికి ఎదురువెళ్లానో, వాళ్లలో ఎంతమంది పక్కన అలా సైకిల్ తోసుకుంటూ ఒక మనిషి ఉన్నాడో నాకు తెలియదు.

ఇప్పుడు మీ చేతుల్లో ఉన్న హాలోజెన్ బల్బులోకి జాగ్రత్తగా చూడండి. లోపల రెండు సన్నటి చుట్టలు, ఫిలమెంట్లు, ఉన్నాయి. ఒక్కోటీ ఇంచుమించు బియ్యపు గింజంత. ముందున్న చుట్ట కింద చిన్న గరిటె లాంటి రేకు ఉంది, కనిపించిందా? ఆ రేకే మొత్తం రహస్యం. ముందు చుట్ట డిమ్‌ది. దాని వెలుగు కిందికి పోకుండా ఆ గరిటె అడ్డుపడుతుంది, అంటే వెలుగు రిఫ్లెక్టర్ పై సగానికే తగులుతుంది, పై సగానికి తగిలిన వెలుగు కిందికి, రోడ్డు మీదికి, వంగుతుంది. వెనక చుట్ట హైబీమ్‌ది, దానికి అడ్డు లేదు, రిఫ్లెక్టర్ మొత్తాన్ని వాడుకుంటుంది. డోమ్ గీసిన ఇంజనీరు ఆ బియ్యపు గింజ ఎక్కడుంటుందో ముందే లెక్కేసుకుని, అది అక్కడే ఉంటుందని నమ్మి, రిఫ్లెక్టర్‌లో ప్రతి మడతనీ తీర్చాడు. గింజ ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగినా వెలుగు పోవాల్సిన చోటికి పోదు.

ఇక ఎల్ఈడీని చూడండి. ఒక లోహపు పలక, దానికి అటూ ఇటూ పసుపు చిప్పులు. హాలోజెన్ చుట్ట చుట్టూ అన్ని వైపులా వెలుగు ఇస్తుంది, ఇది రెండు వైపులకే ఎక్కువగా ఇస్తుంది. పలకకి మందం ఉంటుంది కాబట్టి రెండు చిప్పుల మధ్య ఎడం తప్పదు, ఒకే చోట ఉండాల్సిన గింజ రెండు చోట్ల ఉన్నట్టు లెక్క. గరిటె రేకుని కూడా అనుకరించి పెడతారు, కానీ అసలు గరిటెలా కుదరదు. అందుకే గోడ మీద హాలోజెన్ డిమ్‌కి ఒక గీత కనిపిస్తుంది, పైన చీకటి, కింద వెలుగు, మనం రోడ్డుకి ఎడమ పక్క వెళ్తాం కాబట్టి ఎడమ వైపు మాత్రం ఆ గీత కొంచెం పైకి లేస్తుంది, పాదచారులూ బోర్డులూ కనపడడానికి. చాలా ఎల్ఈడీలకి ఆ గీత చెరిగిపోయి పైన కూడా వెలుగు పాకుతుంది. ఆ పాకిన వెలుగే ఎదురు డ్రైవరు కళ్లలో పడేది.

‘మరి నాకు బాగా కనపడుతోంది కదా’ అంటారు. నాకూ అలాగే అనిపించింది. బండికి దగ్గరలో, మొదటి పది పదిహేను మీటర్లలో రోడ్డు తెల్లగా మెరిసేసరికి మన కంటిపాప చిన్నదైపోతుంది. కంటిపాప చిన్నదైతే దూరంగా, అరవై డెబ్భై మీటర్ల అవతల ఉన్న మసక మనిషి కనపడడు. వెలుగు ఎక్కువ, చూపు తక్కువ. డ్రైవరు సీట్లో కూర్చుని తన లైట్లు బాగున్నాయో లేదో తేల్చడం అసలు కుదరదు. అది తేల్చగలిగేది ఎదురొచ్చేవాడే.

రంగు సంగతి. వెలుగు రంగుని కెల్విన్లలో చెబుతారు, హాలోజెన్ దాదాపు 3,200 కెల్విన్, పసుపు కలిసిన తెలుపు. బజారులో ఎల్ఈడీలు ఎక్కువగా 6,000, 6,500, నీలం కలిసిన తెలుపు. ఆ నీలం కంట్లో ఎక్కువ చెదురుతుంది, వయసు పెరిగేకొద్దీ, శుక్లాలు మొదలయ్యేకొద్దీ మరీ ఎక్కువ. ఇక్కడ నా వయసు వాళ్లు చాలామంది ఉన్నారు, రాత్రి బీచ్ రోడ్డులో భీమిలి వైపు వెళ్తుంటే ఎదురు లైట్ల చుట్టూ ముళ్లు ముళ్లుగా కిరణాలు కనపడతాయా లేదా చెప్పండి. వెనక చేతులు చాలా లేచాయి.

బల్బు ఎంత వెలుగు ఇస్తుందో ల్యూమెన్లలో కొలుస్తారు, అట్ట పెట్టె మీద 20,000 ల్యూమెన్లు అని రాస్తారు, దయచేసి నమ్మకండి. మన హెచ్4 డిమ్‌లో సుమారు 1,000, హైబీమ్‌లో 1,650 ల్యూమెన్లు ఇస్తుంది. ఇలాంటి ఎల్ఈడీ వాట్‌కి నూరు ల్యూమెన్లు ఇస్తే మంచిదే, 30 వాట్లకి మూడు వేలు. ఇరవై వేలు కావాలంటే ఆ బుల్లి పలక 200 వాట్లు తాగాలి, అంత వేడికి ఈ చిన్న ఫ్యాన్ ఏం చేస్తుంది?

వేడి అన్నాను కాబట్టి ఇంకొకటి. ఎల్ఈడీ వెలుగు చల్లగానే ఉంటుంది, కానీ చిప్పు వెనక భాగం బాగా కాలుతుంది, అందుకే ఈ ఫ్యానూ, రెక్కలూ. ఇది డోమ్ వెనకున్న రబ్బరు మూతలో పట్టదు. అప్పుడు కొట్లో కుర్రాడు బ్లేడు తీసుకుని మూతకి చిల్లు పెడతాడు. నా బండికి అదే చేశారు, నేను పక్కనే నిలబడి కూడా పట్టించుకోలేదు. మన ఊళ్లో గాలిలో ఉప్పు ఉంది, వర్షాకాలంలో తేమ ఉంది, ఆ చిల్లు లోంచి రెండూ లోపలికి పోతాయి. మూడు నెలల్లో నా రిఫ్లెక్టర్ మెరుపు మీద మసక పొర కట్టింది, అది తుడిస్తే పోయేది కాదు, తుడిస్తే మెరుపే పోతుంది. అలాగే డిసెంబరు, జనవరిలో అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు గాజు మీద పట్టే మంచు తడిని హాలోజెన్ తన వేడితో ఆరబెట్టుకుంటుంది, ఎల్ఈడీకి ముందు వైపు ఆ వేడి లేదు. మంచులో పసుపు లైటు దూసుకుపోతుందని కూడా అంటారు, అది నిజం కాదు, మంచు బిందువులు పెద్దవి, అన్ని రంగులనీ ఒకేలా చెదరగొడతాయి. అక్కడ పనికొచ్చేది లైటు కిందికి ఉండడం, హైబీమ్ వేయకుండా ఉండడం, మెల్లగా వెళ్లడం.

నేను ఎల్ఈడీకి శత్రువుని కాదు. నీలం ఎల్ఈడీ కనిపెట్టినందుకు 2014లో అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి భౌతికశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు, అది పూర్తిగా తగిన బహుమతి, ఎందుకంటే నీలం చిప్పు మీద పసుపు పొడి పొర వేస్తేనే ఈ తెల్లటి వెలుగు పుడుతుంది. అదే ఏడాది అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన స్తంభాలన్నీ పడగొట్టింది, ఆ తర్వాతే మన వీధుల్లో సోడియం పసుపు పోయి ఎల్ఈడీ తెలుపు వచ్చింది, కరెంటు ఆదా అయింది. వీధి దీపానికి ఆ చిప్పు కోసమే గూడు కట్టారు. కంపెనీ నుంచే ఎల్ఈడీ హెడ్‌లైట్లతో వచ్చే కార్లకీ అంతే, అక్కడ అద్దం, చిప్పు ఒకదాని కోసం ఒకటి పుట్టాయి. మనం చేసేది వేరొకరి కొలతకి కుట్టిన చొక్కా తొడుక్కోవడం. జర్మనీలో 2020లో ఒస్రామ్ కంపెనీ వాళ్ల హెచ్7 రకం ఎల్ఈడీ బల్బుకి రోడ్డు మీద వాడుకోవడానికి అనుమతి వచ్చింది. ఆ అనుమతి బల్బుకి మొత్తంగా ఇవ్వలేదు, ఫలానా మోడల్ కారు, ఫలానా డోమ్ అని ఒక్కొక్కటీ పరీక్ష చేసి, ఆ జాబితాలో ఉన్న కార్లకే ఇచ్చారు. మన బజారులో అలా ఎవరూ పరీక్ష చేసి అమ్మడం లేదు.

చట్టం మాట కూడా చెప్పుకుందాం, క్లుప్తంగా. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 106వ నియమం ఉంది. లైటుకి 8 మీటర్ల ముందు, అర మీటరు కుడి పక్కకి, నేల నుంచి మీటరున్నర ఎత్తులో ఒక మనిషి కన్ను ఉందనుకుంటే, ఆ కన్ను జిగేల్మనకూడదు. ఎంత చక్కగా రాశారో చూడండి, ఎల్ఈడీ అని లేదు, హాలోజెన్ అని లేదు, ఎదుటి మనిషి కన్ను అని ఉంది. బండిలో మార్పుల గురించి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ వేరే ఉంది, 2019లో సుప్రీంకోర్టు కూడా దాని మీద గట్టిగానే చెప్పింది, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఆపితే ఆ గొడవ అదనం.

మరి అసలు సమస్య, మన లైట్లు గుడ్డిగా ఉన్నాయి, అది నిజమే కదా? నిజమే. కానీ అది బల్బు తప్పు కాదు చాలాసార్లు. ఎల్ఈడీలు పీకేశాక నేను మల్టీమీటర్ తీసుకుని కూర్చున్నాను. ఇంజను ఆన్‌లో బ్యాటరీ దగ్గర 14.1 వోల్టులు. బల్బు హోల్డర్ దగ్గర, లైటు వెలుగుతుండగా, 12.2. ఇంచుమించు రెండు వోల్టులు దారిలోనే పోతున్నాయి. రెండు వోల్టులే కదా అనిపిస్తుంది, కానీ హాలోజెన్ వెలుగు వోల్టేజీ తగ్గినంత మాత్రమే తగ్గదు, చాలా నిటారుగా పడిపోతుంది, పది శాతం వోల్టేజీ పోతే ముప్ఫై శాతం వెలుగు పోతుంది. నా లెక్కలో నాకు నూటికి నలభై వంతుల వెలుగు వైర్లలోనే కాలిపోతోంది. కారణం వెతికితే, డోమ్ పక్కన బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు. విప్పాను. కింద పచ్చగా, తెల్లగా ఉప్పు పొడి, తుప్పు. మన ఊరి గాలి. గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, పెట్రోలియం జెల్లీ రాసి మళ్లీ బిగించాను. పాత బండి కాబట్టి స్టీరింగ్ స్విచ్ లోంచి సన్నటి వైరులో కరెంటు తిరిగొస్తోంది, దానికి ఒక రిలే కిట్, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్, వేయించాను, బ్యాటరీ నుంచి ఫ్యూజు పెట్టి లావు వైరు నేరుగా, ఉన్న వైర్లేవీ కోయకుండా కప్లర్‌తో. ఇప్పుడు హోల్డర్ దగ్గర 13.6. హైబీమ్‌కి 60, డిమ్‌కి 55 వాట్లు తీసుకునే అదే 60/55 బల్బు, లైటు వేసి చూస్తే వేరే బండి ఎక్కినట్టుంది. దయచేసి రిలే వేయించిన ఉత్సాహంలో 100/90 బల్బులు పెట్టకండి, హోల్డరూ రిఫ్లెక్టరూ కరుగుతాయి.

రెండోది పైన ప్లాస్టిక్ అద్దం. ఎండకి అది పసుపెక్కి గరుకవుతుంది, గరుకు అద్దం మంచి వెలుగుని కూడా చెదరగొట్టి ఎదుటివాడి కంట్లో కొడుతుంది. నీళ్లు చల్లుతూ 800 నుంచి మొదలుపెట్టి 1500, 2000, 3000 వాటర్ పేపర్‌తో రుద్ది, కాంపౌండ్‌తో పాలిష్ చేసి, ఆఖర్న ఎండ తట్టుకునే పూత వేయించాలి. ఆ పూత వేయకపోతే కొద్ది నెలల్లో మళ్లీ అదే పసుపు. టూత్‌పేస్టు చిట్కా కొన్నాళ్లే.

చిన్న లైట్లకి వద్దాం. కారు లోపల పైకప్పు లైటు, డిక్కీ లైటు, నంబరు ప్లేటు లైటు, వీటికి ఎల్ఈడీ మంచిదే, తలుపు తెరిచి మర్చిపోయినా బ్యాటరీ అంత తొందరగా దిగదు. వెనక బ్రేక్ లైటుకి ఒక నిజమైన లాభం ఉంది. తీగ బల్బు వేడెక్కి పూర్తిగా వెలగడానికి సెకనులో అయిదో వంతు పడుతుంది, ఎల్ఈడీ వెంటనే వెలుగుతుంది. గంటకి 80 మీద ఆనందపురం, అనకాపల్లి రోడ్డులో వెళ్తుంటే ఆ అయిదో వంతులో వెనక బండి నాలుగు మీటర్లకి పైగా ముందుకొస్తుంది. కానీ ఎర్ర అద్దం వెనక ఎర్ర ఎల్ఈడీయే పెట్టాలి, తెల్లది పెడితే అందులో ఎరుపు తక్కువ కాబట్టి గులాబీ రంగు వస్తుంది. పెట్టాక పార్కింగ్‌కీ బ్రేక్‌కీ తేడా బాగా తెలుస్తోందో లేదో పది అడుగులు వెనక్కెళ్లి, పక్కల నుంచి కూడా చూడండి, తెలియకపోతే పీకేయండి. ఇండికేటర్లకి పెడితే కరెంటు తక్కువై, బల్బు మాడిపోయిందనుకుని రిలే ఇండికేటర్‌ని గబగబా కొట్టిస్తుంది. దానికి రెసిస్టర్ పెడతామంటారు, అది ప్లాస్టిక్ కరిగేంత కాలుతుంది, వద్దు.

పెట్రోలు ఆదా అని కూడా అమ్ముతున్నారు, అదీ లెక్కేశాను. రెండు హాలోజెన్లు 110 వాట్లు, ఎల్ఈడీ జత 50 అనుకుందాం, ఆదా 60. ఆల్టర్నేటర్, అంటే ఇంజను తిప్పే కరెంటు యంత్రం, దాని నష్టాలూ ఇంజను నష్టాలూ అన్నీ కలిపితే 20 గంటలు రాత్రిపూట నడిపితే దాదాపు ఒక లీటరు. రోజూ రాత్రి షిఫ్టు చేసే క్యాబ్ తమ్ముళ్లకి అది ఎంతో కొంత, మనలాంటి వాళ్లకి ఏడాదికి కొన్ని వందల రూపాయలు.

ఎవరైనా అడుగుతారా? అడుగమ్మా.

మీ ప్రశ్న మంచిది, మిగతావాళ్లకి చెబుతాను, వీళ్ల కారుకి కంపెనీ ఇచ్చిన ఎల్ఈడీలే, అయినా ఎదురువాళ్లు డిప్పర్ కొడుతున్నారట. స్టీరింగ్ కింద కుడి వైపు 0, 1, 2, 3 అని చిన్న చక్రం ఉందా? ఉంది. అది లైటు ఎత్తు మార్చేది. ఒక్కరే ఉంటే 0, వెనక సీటు నిండి, డిక్కీలో సామాను ఉంటే బండి వెనక దిగుతుంది, ముక్కు లేస్తుంది, అప్పుడు 2, 3. చాలామంది ఆ చక్రం కొన్నాక ఒక్కసారీ తిప్పి ఉండరు.

ప్రొజెక్టర్, అంటే బల్బు ముందు గుండ్రటి కటకం ఉన్న లైటు, ఉంటే వేయొచ్చా అని తమ్ముడు అడుగుతున్నాడు. ప్రొజెక్టర్ లోపల గీత గీసే అడ్డు రేకు ఉంటుంది కాబట్టి ఎదుటివాళ్లకి ఇబ్బంది తక్కువ, అయితే దూరం పడాల్సిన వెలుగు దగ్గరే పోగుపడుతుంది తరచుగా. గోడ మీద చూడకుండా నమ్మకు.

ఆ గోడ పనే మనం రేపు చేద్దాం. సాయంత్రం ఏడింటికి మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో 8 మీటర్ల దగ్గర సుద్దతో గీత గీసి, మీటరున్నర ఎత్తున కర్రకి ఎర్ర టేపు చుట్టి నిలబెడతాను. ఎల్ఈడీ ఉన్నవాళ్లు తప్పక రండి, పాత హాలోజెన్ బల్బులు ఇంట్లో ఉంటే పట్టుకురండి, పీకి పెట్టి రెండూ పోల్చి చూద్దాం. టైర్లలో గాలి సరిచూసుకుని, డిక్కీ ఖాళీ చేసుకుని రావాలి, లేకపోతే కొలత తేడా వస్తుంది. ఒక్కో బండిలో ఇద్దరు రండి, ఒకరు లైటు వేయడానికి, ఇంకొకరు కర్ర దగ్గర నిలబడి చూడడానికి. బండి ఓనరు కర్ర దగ్గర నిలబడాలి.